గురువారం నీళ్లు

మా చెల్లెలు ప్రతిభ మీద నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కేశవప్ప చిన్నాయన మీదైతే అది పోయే కోపమే కాదు.

రాయకోట దగ్గర మా పొలాలకు ఒకే బోరు, నాలుగు వంతులు. మా నాన్న గోపాలకృష్ణది ఒకటి, ఆయన తమ్ముడు కేశవప్పది ఒకటి, దాయాది శ్రీరామప్పది ఒకటి. నాలుగోది, గురువారం వంతు, చనిపోయిన మా పెద్దనాయనది. ఇప్పుడది ఆయన భార్య అంజనమ్మ పెద్దమ్మకు రావాలి. వంతుల పుస్తకం మాత్రం చిన్నాయన దగ్గరే ఉండేది. అందులో ఎప్పుడు చూసినా కొట్టివేతలే.

మత్తిగిరిలో ఉంటూ హోసూరు కంపెనీలో ప్రోగ్రాములు రాసే ప్రతిభ ఇది చూసి ఊరుకోలేకపోయింది. ఆరు నెలల ఆదివారాలన్నీ పెట్టి బ్లాక్‌చెయిన్ నేర్చుకుంది. వంతుల జాబితా ఒకరి గుప్పిట్లో కాక ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉంటుందట, ఎవరూ కొట్టేయలేరట. మార్చాలంటే నాలుగు వంతుల్లో మూడు ఒప్పుకోవాలి. మోటారు స్టార్టర్‌నూ దానికే కలిపింది. ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ల ఫోనులోని యాప్‌కే మోటారు తిరుగుతుంది. పదకొండుసార్లు ప్రయోగం తప్పి, చివరికి అసలు నెట్‌వర్క్‌లోకి ఎక్కించిన రోజు చిన్నపిల్లలా గంతులేసింది.

గురువారం వచ్చింది. పెద్దమ్మ టమాటా తోటకు నీళ్లు రాలేదు.

పుస్తకంలో గురువారం ఎదురుగా ఉన్నది చిన్నాయన పేరు. అన్న చనిపోయిన ఏడాదే అలా రాసేసుకున్నాడు. సిగ్గుకో భయానికో ఇన్నాళ్లూ పెద్దమ్మ తోటకు నీళ్లు మాత్రం వదులుతూ వచ్చాడు. మా ఘనురాలు ఆ పేజీని ఉన్నదున్నట్టు ఎక్కించింది!

"నాదేముందమ్మా? గురువారం నాదని నీ కంప్యూటరే చెప్తా ఉండాది," అన్నాడు చిన్నాయన, ఫోను జేబులో పెట్టుకుంటూ. ఎంత పొగరు! ఆ యాప్ వద్దని పంచాయితీ పెట్టిన మనిషే ఈయన.

మారుద్దామంటే నాన్న, శ్రీరామప్ప ఇద్దరే. మిగిలిన రెండు వంతులూ చిన్నాయన ఫోనులోనే ఉన్నాయి. రాసిన తనకే మార్చే వీలు లేదని ప్రతిభ ఏడ్చింది.

పెద్దమ్మ ఏడవలేదు. వాడిన మొక్కల మధ్య నిలబడి అంది: "వాడు నన్ను అడక్కుండా పుస్తకంలో రాసినాడు. నువ్వు నన్ను అడక్కుండా దీంట్లో రాసినావు. ఈడికొచ్చి ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని గదమ్మా."

ప్రతిభ తల దించుకుంది. మరుసటి ఆదివారం నుంచి పెద్దమ్మ వసారాలోనే కూర్చుని, ఆమె చెప్తుంటే ఒక్కో వంతూ ఇంకో కొత్త జాబితాగా మళ్లీ రాసింది. నాన్న, శ్రీరామప్ప దగ్గరుండి స్టార్టర్‌ను పాతదాని నుంచి విడదీసి కొత్తదానికి కలిపించారు.

"పాతది యాడికీ పోదన్నావే!" అని అరిచాడు చిన్నాయన.

"పోదు చిన్నాయనా. పెద్దమ్మ వంతును నువ్వు పెట్టుకుంటివని అది ఎప్పటికీ చూపిస్తానే ఉంటాది," అంది ప్రతిభ.

నాలుగో గురువారం పెద్దమ్మ తన ఫోను నొక్కితే మోటారు తిరిగింది. అప్పటికే తోటలో సగం ఎండిపోయింది. ఆమె పార పట్టుకుని మిగిలిన సగానికి నీళ్లు మళ్లించింది.