మామయ్య గుండీల డబ్బా

మా మామయ్య కళ్ళముందు ఎవరూ ఖాళీ చేతులతో కూర్చోకూడదు. కూర్చున్నారో, అయిపోయారన్నమాటే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకైనా, అడ్రసు అడగడానికి ఆగినవాళ్ళకైనా ఏదో ఒక పని అంటగడతాడు. అందుకే ఆయన గుండె ఆపరేషన్ గురించి ఎవరైనా అడిగితే నేను ఒక్కటే చెబుతాను: కోయించుకున్నది ఆయన, నీరసపడింది నేను.

మామయ్య టైలరు. పనిలో ఆయన చేతికి తిరుగులేదు కానీ, చెప్పిన రోజుకి బట్టలిచ్చిన పాపాన పోలేదు. "నా చొక్కా ఏదయ్యా?" అంటూ ఎవరైనా గుమ్మంలో చిందులు తొక్కితే, తలెత్తకుండానే స్టూలు చూపించి, ఒళ్ళో ఓ పెద్ద రేకు డబ్బా పెట్టేవాడు. దాన్నిండా కలగలిసిపోయిన గుండీలు.

"కాస్త ఇవి వేరుచేస్తూ ఉండండి. నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు. రెండు కన్నాలవి వేరే."

వచ్చినాయన గొణుక్కుంటూ మొదలుపెట్టేవాడు. కాసేపటికి, "మాస్టారూ, ఈ బూడిదరంగుది ఎటు వెయ్యమంటారు?" అని అడిగేవాడు. చివరికి చొక్కా లేకుండానే, ఏదో ఘనకార్యం చేసినవాడిలా ఇంటికి వెళ్ళేవాడు.

అలాంటి మనిషికి మెషీను తొక్కుతుంటే ఆయాసం రావడం మొదలైంది. కొట్టుకి ఉన్న మూడు మెట్లూ ఎక్కడానికి రెండుసార్లు ఆగేవాడు. పరీక్షలు చేసి, గుండెలో ఒక వాల్వు గట్టిపడి సరిగ్గా తెరుచుకోవడం లేదని, దాన్ని మార్చాలని చెప్పారు. అత్తయ్య మొహం పాలిపోయింది. మామయ్య మాత్రం, "గుండీ కాజా బిగిసిపోయింది, అంతేగా" అన్నాడు.

అప్పట్నుంచి నా కాళ్ళకి విశ్రాంతి లేదు. రక్తపరీక్ష ఒకచోట, ఛాతీ ఎక్స్‌రే ఒకచోట. గుండె ఆపరేషన్‌కి ముందు పళ్ళ డాక్టరు కూడా చూడాలన్నారు. పంట్లో చీము ఉంటే కొత్త వాల్వుకి పాకుతుందట. అక్కడ వరసలో కూర్చున్నవాళ్ళందరి చేతా మామయ్య పాత పత్రికలు సైజులవారీగా సర్దించాడు. బుగ్గ వాచిపోయి మూలుగుతున్న ఒక పెద్దమనిషిని కూడా వదల్లేదు.

ఇక సర్జనుగారి దగ్గర జరిగింది చెబితే మీరు నమ్మరు.

"ఏ దారంతో కుడతారు బాబూ?" అని అడిగాడు మామయ్య.

ఆయన ఓపిగ్గా చెప్పాడు.

"లోపల మార్జిన్ వదులుతారా? రేపు బిగుతైతే మళ్ళీ విప్పాలి కదా?"

"మామయ్యా, అది ప్యాంటు కాదు!" అన్నాను నేను.

సర్జనుగారు నవ్వాపుకుంటూ రిపోర్టు అందుకోబోయేసరికి మామయ్య జేబులోంచి సూదీ దారం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "నాకు చూపు ఆనడం లేదు, కాస్త ఎక్కించి పెట్టండి." ఆయన ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు. మామయ్య ఆ సూదిని చాలాసేపు చూసి, "ఇంకేం, చేయించుకుంటాను" అన్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున, చక్రాల మంచం మీద ఆయన్ని తీసుకువెళ్ళబోతుంటే, "ఆగండాగండి" అన్నాడు. చూస్తే దుప్పటి కింద రేకు డబ్బా! దాన్ని అత్తయ్యకి అందించి, "నేను వచ్చేసరికి అన్నీ వేరై ఉండాలి" అన్నాడు. నా చేతిలో అంచుకి గీతలున్న గోధుమరంగు గుండీ ఒకటి పెట్టాడు.

"కోటుది. దీని జోడీ పోయింది. బజారంతా గాలించి ఇలాంటిదే పట్టుకురా. దొరక్కుండా నాకు మొహం చూపించకు."

"ఇప్పుడా మామయ్యా?"

"కోటాయన సాయంత్రం వస్తాడురా!"

"సాయంత్రానికి నువ్వు ఐసీయూలో ఉంటావు!"

"అయితే నువ్వే ఇచ్చెయ్యి."

మంచం కదిలింది. "ఈ చక్రం కీచుమంటోంది, కాస్త నూనె వెయ్యి నాయనా" అని తోసేవాడికి చెప్పడం తలుపు మూసుకునేదాకా వినిపించింది.

ఆ రోజు నేను ఎక్కని కొట్టు లేదు. ఒకచోట రంగు కుదిరితే గీతలు లేవు, గీతలుంటే సైజు కాదు. "ఇవి రావడం ఎప్పుడో మానేశాయి" అన్నాడొక ముసలాయన. ఆకలి, ఎండ, మామయ్య మీద మంట. ఒక కొట్లో గుండీల అట్టలు తిరగేస్తుండగా అత్తయ్య ఫోను చేసింది.

"అయిపోయిందిరా. బాగానే ఉన్నారట. గుండె మళ్ళీ తనంతట తనే కొట్టుకుంటోందట."

ఆ కొట్టు మెట్టు మీదే కూలబడి, ముక్కు చీదుకుని, మళ్ళీ ఆస్పత్రికి నడిచాను.

అక్కడ బల్ల చుట్టూ మనుషులు మూగి ఉన్నారు. లోపల తమవాళ్ళున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా అత్తయ్యతోపాటు గుండీలు వేరుచేస్తున్నారు. ఒక కుప్ప చూసి నా కడుపు మండిపోయింది. అంచుకి గీతలున్న గోధుమరంగు గుండీలు, గుప్పెడు!

"అత్తయ్యా! ఇవి ఇందులోనే ఉన్నాయా?"

"ఏమోరా" అని అత్తయ్య ఎటో చూసింది.

మామయ్య ఇంటికొచ్చాడు. బరువులెత్తకూడదు, దగ్గొస్తే దిండు గుండెకి అదుముకోవాలి, ప్లాస్టిక్ గొట్టంలోంచి గాలి పీల్చి దానికున్న బంతులు పైకి లేపాలి. గాయం బాగానే మానుతోంది. మనిషే బాగాలేడు. గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు పనిగట్టుకుని ఆయన ఎదురుగా ఖాళీగా కూర్చున్నాను. కాళ్ళూపాను. గోళ్ళు కొరికాను. ఒక్క మాట అనలేదు. ఆపరేషన్ రోజున కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

డాక్టరుగారిని అడిగితే, ఇలాంటి ఆపరేషన్ తర్వాత దిగులు మామూలేనని, మెల్లగా పోతుందని చెప్పారు. మామయ్య మాత్రం, "మెషీను తొక్కలేని టైలరు ఎందుకురా?" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అత్తయ్య ఆస్పత్రిలో పొట్లాలు కట్టిన గుండీలన్నీ విప్పి, డబ్బాలో గుమ్మరించి, మూతపెట్టి గలగలా ఊపుతోంది.

"అయ్యో! అంతమంది కూర్చుని వేరుచేశారు కదా!"

"కొట్టు కట్టేసేముందు మీ మామయ్య రోజూ చేసే పనే ఇది" అంది. "మా నాన్న పోయినప్పుడు మొదటిసారి నా ఒళ్ళో పెట్టారు. ఏడుస్తూనే వేరుచేశాను. మర్నాడు చూస్తే అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఎందుకని నేను అడగలేదు."

"మరి ఆస్పత్రిలో?"

"ఎందుకిచ్చారో తెలిసే చేశాను. ఆ తలుపు చూస్తూ కూర్చునుంటే నేను బతికేదాన్నా?"

ఆపరేషన్ రోజంతా గుండీని, మామయ్యని తిట్టుకోవడంతోనే సరిపోయింది నాకు. భయపడే తీరిక ఎక్కడిది? ఇన్నాళ్ళకి ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"అయితే చొక్కాల కోసం వచ్చేవాళ్ళకి ఇచ్చిందీ అందుకేనా?"

"అది చొక్కా కుట్టలేదని" అంది అత్తయ్య.

వెళ్ళి డబ్బా ఆయన ఒళ్ళో పెట్టింది. "ఊరికే కూర్చోకండి. నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు."

మామయ్య మూత తీశాడు. "నువ్వు వేరుచేశావుగా?"

"చేశాను."

"మరి ఎవరు కలిపారు?"

"మీకు తెలియదా?"

ఆయన అత్తయ్య మొహంలోకి చూశాడు. చాలా రోజులకి ఆ పెదవి చివర కాస్త కదిలింది. ఒక నల్ల గుండీ తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఒక తెల్లది. నేను గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాను.

"ఏరా, చేతులు కట్టుకుని నిలబడ్డావు? ఆ జోడీ దొరికిందా?"

"దొరికింది మామయ్యా. ఈ డబ్బాలోనే, గుప్పెడు."

"మంచిదేగా. స్టూలు లాక్కో."

ఇన్నాళ్ళ తిరుగుడికి ఒళ్ళు హూనమై ఉంది. అయినా లాక్కుని కూర్చున్నాను.

"రెండు కన్నాలవి వేరే" అన్నాడు మామయ్య, తలెత్తకుండానే.