పైపులో నూలు

"బాపు పోయిండు" అని జగిత్యాల ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను నల్లా కింద బిందె పెట్టి ఉన్నాను. నీళ్లు పొర్లుతున్నా నల్లా కట్టేయలేదు. మామ ఉంటే ఊరంతా వినేలా తిట్టేవారు.

కోరుట్లలో ముప్పై ఏళ్లు నీళ్ల పైపులు వేసిన మనిషి ఆయన. నేల కింద ఎక్కడ కారుతుందో తెలియాలంటే ఇనుప కడ్డీ ఒక కొన వాల్వు మీద, ఇంకో కొన చెవికి ఆనించేవారు. అప్పుడు గిన్నె చప్పుడైనా సహించేవారు కాదు. పెళ్లైన నెలకే నా పట్టగొలుసులు తీయించారు. "గజ్జెల గుర్రాన్ని తెచ్చుకున్నం" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు. నేను మనసులో చాలా అన్నాను.

పోయిన ఎండాకాలం మా గల్లీకి బురద నీళ్లు వచ్చాయి. పట్నం నుంచి ఇద్దరు ఇంజనీర్లు చక్రాల రోబో తెచ్చారు. దాని ముందు కెమెరా, పైపు లోపల గుండ్రంగా తిరిగి పగుళ్లు కొలిచే వెలుగు. నీళ్లు ఆపి దాన్ని పైపులోకి వదిలారు. నీళ్లు ఆపకముందే కడ్డీతో విన్న మామ, వాల్వు కాడనే కారుతుంది, తవ్వుండ్రి అన్నారు. నీ చెవి కన్నా దీని కన్ను నయం తాతా, అని ఒక ఇంజనీరు నవ్వాడు.

కెమెరా బొమ్మలు చూపే తెర మీద, పైపు అతుకు ఒకదాని దగ్గర తెల్లటి పోగులు కనిపించాయి. పక్కింటి పెద్దమ్మ మునగచెట్టు వేర్లు చొరబడ్డాయని, చెట్టు కొట్టాలని ఇంజనీరు రాసుకున్నాడు. ఆమె బతికేది ఆ కాయలు అమ్ముకునే. ప్రతిదానికీ గొడవపడే మామ అప్పుడు మాత్రం నోరు విప్పలేదు.

నేను సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల మధ్య పెరిగాను. చాయ్ ఇవ్వడానికి పోయి తెర చూశాను.

"అవి వేర్లు కావు. నూలు."

అంతమంది మగవాళ్ల ముందు నేను మాట్లాడింది అదొక్కసారే.

తవ్వితే నూలే. ఆ పైపు వేసిన నాడు, అతుకుకు పెట్టే రబ్బరు రింగు దొరక్క మామ చుట్టింది. ఇన్నేళ్లలో అక్కడ చుక్క కారలేదు. కారింది ఆయన చెప్పిన వాల్వు దగ్గరే. చెట్టు బతికింది. కానీ గల్లీ వాళ్లు ఆయనకు నూలు మేస్త్రీ అని వెక్కిరింత పేరు పెట్టారు. ఆ నూలును ఆయన కడిగి, రోజూ నాకు కనిపించేలా దండేనికి కట్టారు. ముట్టుకోవద్దన్నారు. నా చేతి అన్నం మానేశారు.

ఆసుపత్రికి పోయే రోజు ఆటో ఎక్కి, నా వైపు చూడకుండానే అడిగారు.

"నూలని ఎట్ల గుర్తువట్టినవ్?"

"మెలిక చూసి, మామా."

"మరి నా చెవిల చెప్పకపోతివి. నేనే ఒప్పుకుందును."

ఆటో కదిలింది.

ఆయన మీద నా కోపం ఇంకా పోలేదు. నేల కింద నీళ్ల చప్పుడు వినడం మాత్రం ఆయనను చూసే నేర్చుకున్నాను. ఈ పొద్దున ఆయన బట్టలన్నీ ఉతికి దండెం మీద ఆరేశాను, నూలు కట్టిన ఆ జానెడు చోటు వదిలి.