మేనరికపు ఎలుకలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకున్నన్ని తెలివితేటలు ఆ తర్వాత ఎప్పుడూ ఉండవు. హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో చేరిన ఆ రోజుల్లో నేనూ అంతే. మనుషులకు క్యాన్సర్ తెచ్చే జన్యువును చిట్టెలుకల్లో పెట్టి, అదేం చేస్తుందో చూడటం మా పని. (ఈ ఒక్క ముక్క చెప్పడానికి అప్పట్లో నాకు గంట పట్టేది.) పెంటపాడులో వరి పండించే మా మేనమామ ఒకసారి ఫోనులో అదంతా విని, "బయట ఇన్ని ఎలుకలుండగా మీరు పనిగట్టుకుని పెంచడం ఎందుకమ్మా?" అని అడిగారు. "అన్నీ ఒకేలా ఉండాలి మావయ్యా, వాటి వంశం తెలిసుండాలి" అన్నాను. తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే జత చేస్తామని పెద్దాయనతో ఎలా చెప్పను? నోరు రాక, "మన మేనరికాల్లాంటివండి" అనేశాను.

తర్వాత సెలవుకి వెళ్తే, తాడేపల్లిగూడెం స్టేషను నుంచి మావయ్యే బండి మీద ఇంటికి తీసుకెళ్లారు. పెరట్లో గోనెపట్టా కప్పిన బోను ఉంది. "తీసుకెళ్లమ్మా. అన్నీ మన పొలం బోదెగట్టు మీద పుట్టినవే. బయటి సంబంధం ఒక్కటీ లేదు, పూచీ నాది" అంటూ పట్టా తీశారు. లోపల నిండా ఎలుకలు, అందులో ఒకటి ఏకంగా పందికొక్కు! అది నన్ను చూసి పళ్లు కొరికింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

మావయ్య నవ్వలేదు. వరండాలో కూర్చున్న అత్త వైపు ఓసారి చూశారు. అత్తకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయ్యి అప్పటికి కొద్ది నెలలే. ఆవిడ మావయ్యకి సొంత మేనత్త కూతురు. "మేనరికం ఎలుకలకే ఆ జబ్బు తెప్పిస్తారా అమ్మా?" అన్నారు గొంతు తగ్గించి. "వీధిలో అందరూ అదే అంటున్నారు. నన్ను చేసుకోబట్టే మీ అత్తకి వచ్చిందేమో, వీటిని చూసి చెప్తావని..."

ఎలుకల సాకుతో ఆయన అడగాలనుకున్నది ఇదన్నమాట. "కాదండి మావయ్యా. అత్త జన్యువులు అత్త పుట్టినప్పుడే వచ్చాయి. పెళ్లితో అవి మారవు. మీరు తాళి కట్టడానికీ జబ్బు రావడానికీ ఏ సంబంధమూ లేదు."

"నిజంగానా?"

"నిజంగానండి."

వరండాలోంచి అత్త గొంతు వినిపించింది. "ఏవండీ, మరి నాకు జలుబు చేసినా ఇన్నాళ్లూ మిమ్మల్నే అంటున్నానే! ఇక ఎవర్ని అనాలండీ?"

"జలుబుకి నన్నే అనవే" అన్నారు మావయ్య, కళ్లు తుడుచుకుంటూ. ఆ సంతోషంలో బోను పట్టుకెళ్లి ఎలుకలన్నింటినీ మళ్లీ తన గట్టు మీదే వదిలేసి వచ్చారు! (ఆ ఏడు అవి ఎంత ధాన్యం తిన్నాయో అత్త ఇప్పటికీ దెప్పుతుంది.)

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ఎలుకల వంశం గురించి నేనే పాఠం చెప్తున్నాను. మేనరికం అన్న మాట నాలుక చివరిదాకా వస్తే మింగేస్తాను. ఆనాటి ఆ తెలివిగల పిల్ల ఎదురైతే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. కానీ దాని నోరు జారకపోతే, మావయ్య ఆ ప్రశ్నను ఎవర్నీ అడగకుండా ఇంకా మోస్తూనే ఉండేవారేమో.