నాలుగు గంట్ల సీసా

మందుల గదిలో నాకు పని నేర్పిన కాంపౌండరు గారు పోయారని రాయగడ నుంచి వాళ్ళమ్మాయి కార్డు రాసింది. భోజనం చేసి నడుం వాల్చినవారు మరి లేవలేదట. ఆయన గురించి రాయడానికి నాకేం అర్హత ఉందని చాలాసేపు కూర్చున్నాను.

ఇరవై ఏళ్ళ కిందట కోరాపుట్ ఆసుపత్రిలో శిక్షణకు చేరాను. పొద్దున్న మందుల గదిలో పని, మధ్యాహ్నం పాఠాలు. విశాఖపట్నంలో పట్టా పుచ్చుకున్నది ఆ తర్వాతి మాట. సీసాలు తుడుస్తూ నేను పుస్తకంలోకి తొంగిచూస్తే ఆయన నవ్వేవారు.

"పుస్తకంలో ఉన్నోడికి జొరం రాదమ్మీ. కిటికీ కాడ నిలబడ్డోడికి వచ్చింది. ముందు ఆడ్ని సూడు."

అప్పట్లో మందు సీసాకు నిలువునా, గంట్లు కత్తిరించిన కాగితం పట్టీ అంటించి ఇచ్చేవాళ్ళం. చదువు రానివాళ్ళు కూడా పూటకొక గంటు చొప్పున తాగేవారు. పట్టీని మూడుసార్లు మడిచి కత్తిరిస్తే ఎనిమిది పూటలు.

పరీక్షనాడు పొద్దున్నే మందుల గదిలోకి తొంగిచూశాను. ముందురోజు నేను కలిపి మడిచి కత్తిరించిన రెండు పట్టీల్లో ఒకటి బల్లమీద మిగిలి ఉంది. లెక్కపెడితే నాలుగు పూటలే. పరీక్ష ధ్యాసలో రెండుసార్లే మడిచాను. దాని జోడు, పొట్టంగి దారిలోని ఊరికి, జ్వరంతో ఉన్న చిన్నపిల్ల కోసం తల్లి పట్టుకెళ్ళిన క్వినైన్ సీసామీద ఉంది. పూటకు రెండింతల మందు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పరీక్షకు వెళ్ళకపోతే ఏడాది పోతుంది.

చెప్పాను. ఆయన కేకలేయలేదు.

"ఎన్ని సీసాలకి అంటించేవు?"

"ఒకటేనండి."

"రిజిస్టర్లో ఊరుంది, మనిసి పేరు లేదు. ఆవిడ మొకం నీకు తెలుసు, నాకు తెల్దు."

"పదింటికి పరీక్ష, బాబూ."

"తెలుసు. నాను ఎల్లమన్లేదు, ఉండమన్లేదు. బస్సు ఇప్పుడే ఉంది" అంటూ చెప్పులు తొడుక్కున్నారు.

వెళ్ళాం. తల్లి అప్పటికే రెండు పూటలు తాగించింది. చెవుల్లో హోరుతో పిల్ల తల పట్టుకుని ఏడుస్తోంది. ఆయన నాడి చూసి, ఈ రోజుకు మందు ఆపమని, గండం లేదని చెప్పారు. ఆ కొండవాళ్ళు మాట్లాడే దేశియాలో "తప్పు మాది" అన్నారు. నా పేరు ఎత్తలేదు. కుండలోంచి నాలుగు మెతుకులు అడిగి, నలిపి, మిగిలిన మందుకు కొత్త పట్టీ అంటించారు.

నన్ను నిజంగా నా ఇష్టానికే వదిలారా? నేను పిల్ల కోసం వెళ్ళానా, ఆయన చూస్తున్నారని వెళ్ళానా? ఇన్నేళ్ళూ అడుగుదామనుకుంటూనే ఉన్నాను.

తిరుగు బస్సు కోసం కల్వర్టుమీద కూర్చున్నాం. పది ఎప్పుడో దాటింది. నా చంకలోని పుస్తకం లాక్కుని, కళ్ళకు దూరంగా పట్టుకుని, "ఇదేటి? పసిపిల్లకి ఎంత పొయ్యాల?" అన్నారు. చెప్పాను. "మరిదీ?" అదీ చెప్పాను. బస్సు వచ్చి మా ముందే ఆగింది. ఆయన తలెత్తలేదు. తర్వాతి ప్రశ్న దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నారు.