గెలవొద్దని విఠలన్న మొక్కుకున్న గుర్రం

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఏడాదంతా గుర్రాన్ని సాకేది ఒకడు, పెద్ద పందెం రోజున దాన్ని పట్టుకుని జనం ముందు నడిచేది ఇంకొకడు.

మెల్‌బోర్న్‌లో ఫ్లెమింగ్టన్ రేసుకోర్సు పక్కన ఒక ట్రైనర్ దగ్గర నేను పనిచేస్తాను. పేడ ఎత్తుతాను, పాత గడ్డి తీసి కొత్తది పరుస్తాను, నీళ్ల తొట్లు కడుగుతాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, నర్సు ఉద్యోగానికి వచ్చిన మా ఆవిడ వెనకాల ఈ దేశం వచ్చినవాణ్ని, నాకు ఇంతకన్నా ఏం ఇస్తారు? విఠలన్న సంగతి అలా కాదు. ఆయనది హైదరాబాద్‌లో మలక్‌పేట. పద్నాలుగో ఏట అక్కడి రేసుకోర్సులో సైసుగా చేరాడు. గుర్రాన్ని కడగడం, తోమడం, మాలీష్ చేయడం, అది మేత ముట్టకపోతే తనూ అన్నం ముట్టకుండా దాని దగ్గర కూర్చోవడం, ఇదీ సైసు పని. గుర్రాలు తెలిసిన మనుషులు కావాలని ఇక్కడివాళ్లు పిలిస్తే పదహారేళ్ల కిందట వచ్చాడు. ఇద్దరం ఉండేది క్రెయిగీబర్న్‌లోనే, ఒకే కారులో పనికి పోయేవాళ్లం.

మలక్‌పేటలో డెర్బీ పందెం రోజు వస్తే సైసుల మీద అజమాయిషీ చేసే జమేదారు వచ్చి ఆయన చేతిలో పగ్గం లాక్కునేవాడట. ఇక్కడైతే ఒకసారి ట్రైనర్ కూతురు, ఒకసారి ఓనరుగారి స్నేహితుడి కొడుకు. యాభై మూడేళ్లు వచ్చాయి, ఒక్క పెద్ద పందేనికీ ఆయన గుర్రాన్ని పట్టుకుని నడవలేదు.

పోయినేడాది ఐర్లండ్ నుంచి ఒక గుర్రం దిగింది. కాగితాల మీద దాని పేరు నార్త్ లాంటర్న్. విఠలన్న మాత్రం రాజిగా అని పిలిచేవాడు. వచ్చిన వారంలోనే ఇద్దర్ని కరిచింది. ఎవరూ దగ్గరికి పోకపోతే విఠలన్న దాని గదిలోనే ఒక మూల కూర్చుని టిఫిన్ బాక్సు విప్పుకుని తినేవాడు. నెల తిరక్కుండా అది ఆయన భుజం మీద తలపెట్టి నిద్రపోయే స్థితికి వచ్చింది. ఆ రాజిగాడికే ఈ దేశంలోకెల్లా పెద్ద పందెం మెల్‌బోర్న్ కప్‌లో చోటు దొరికింది. ఈసారి విఠల్‌నే నడవమందామని మా ట్రైనర్ బాస్ నోటితోనే అన్నాడు.

అక్టోబరు నెలంతా కారులో ఇదే గోల. పోటీకి వచ్చే ఇరవైమూడు గుర్రాల జాతకాలూ చెప్పేవాడు. ఫ్రాన్సు ఆడగుర్రం చెవులు వెనక్కి పెడుతుందట, దాని వెనకాల ఎవరూ నిలబడకూడదట. ఐర్లండ్ నుంచి వచ్చిన ఇంకో రెండు వెరిబీలో క్వారంటైన్‌లో ఉన్నాయి, దగ్గరికి పోనివ్వరు. టీవీలో చూసే వాటికి నీళ్లు పడలేదని తేల్చేశాడు. ఈ పందెంలో పోటీ సమానంగా ఉండాలని మంచి గుర్రం వీపు మీద ఎక్కువ బరువు వేస్తారు. ఆ లెక్కన అన్నిటికన్నా ఎక్కువ బరువు జపాన్ గుర్రానికి పడింది. విఠలన్న భయమల్లా దాని గురించే.

"రెండు మైళ్లు తమ్మీ," అనేవాడు. "జపాన్‌ది ఆఖర్ల అల్సిపోతది. మనోడు గప్పుడే షురూ జేస్తడు."

ఆయన కూతురు స్పందన యూనివర్సిటీలో చదువుతుంది. "డాడ్, ప్లీజ్, కిందపడకు, ఓకే? నేషనల్ టీవీ," అందట. అది కూడా నాకు మూడుసార్లు చెప్పాడు.

కప్‌కి వారం ముందు వేరే గుర్రం ఒకటి బెదిరి గుంజితే విఠలన్న కుడిభుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. బాస్‌కి చెప్పలేదు. చెబితే పగ్గం ఇంకొకరి చేతికి పోతుంది. కప్ రోజు పొద్దున బయల్దేరే ముందు ఆయన భార్య భ్రమరాంబ వదిన ఇండియా షాపులో కొన్న నొప్పుల బామ్ భుజానికి బాగా పట్టించింది. పందెం రోజున గుర్రం నోట్లోకి మేత, నీళ్లు తప్ప ఇంకేదీ పోకూడదు. ఒంటికి బామ్‌లు రాసుకుని రావద్దని మా అందరి దగ్గరా సంతకాలు కూడా తీసుకున్నారు. ఆయనకు తెలుసు. నొప్పి అంత పని చేయించింది.

ఏడింటికి నేను బండి తోసుకుంటూ వచ్చేసరికి విఠలన్న వంగి గిట్టలు శుభ్రం చేస్తున్నాడు. రాజిగాడు ఆయన భుజం మీద చొక్కాని తీరిగ్గా నాకుతున్నాడు. గదంతా కర్పూరం వాసన. నేను అరిస్తే విఠలన్న తడిసిన చొక్కా చూసుకుని చేతిలోని గిట్ట వదిలేశాడు.

"శేషూ, గిదంత దాని కడుపులకు పోయింది. బాస్‌కు జెప్పాలె."

"చెబితే గుర్రాన్నే పందెంలోంచి తీసేస్తారు. నీ సంవత్సరం కష్టం మట్టిలో కలుస్తుంది. చొక్కా నాకితే ఏమవుతుంది? నోరు కడుగు, నా చొక్కా వేసుకో, నోరు మూసుకో అన్నా."

అవును, నేనే అన్నాను. ఆయన గుర్రం నోరు మూడుసార్లు కడిగాడు, నా చొక్కా తొడుక్కున్నాడు, ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడింటికి ముందు, అన్నేళ్లు ఎదురుచూసిన ఆ నడక నడిచాడు. రాజిగాడి ఒళ్లు అద్దంలా మెరుస్తోంది. కంచె దగ్గర నుంచి స్పందన ఫోను పైకెత్తి పిలుస్తోంది. ఈయన అటు చూస్తే గదా! ఆసుపత్రి వరండాలో నడిచే మనిషిలా నడిచి వచ్చేశాడు.

పందెం మొదలైంది. మా పనివాళ్లమంతా రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. సగం దూరం దాకా రాజిగాడు ఎక్కడో పదిహేనో స్థానంలో ఉన్నాడు. ఆఖరి మలుపు తిరగ్గానే బయటి వైపుకి వచ్చి ఒక్కొక్కదాన్నే దాటడం మొదలుపెట్టాడు. ఫ్రాన్సు గుర్రం పోయింది, ఐర్లండ్‌వి రెండూ పోయాయి. ముందు జపాన్‌ది ఒక్కటే మిగిలింది. మేమందరం గొంతులు పోయేలా అరుస్తున్నాం. విఠలన్న పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. దేవుడికి మొక్కుతున్నాడేమో అనుకుని చెవి దగ్గర పెట్టాను.

"వద్దు బిడ్డా. జర ఆగు. గెలవకు."

ముందు వచ్చిన గుర్రాలకు మూత్ర పరీక్ష ఉంటుంది. మాకిద్దరికీ తెలుసు.

మెడ తేడాతో రెండో స్థానం. బాస్ పరిగెత్తుకుంటూ వచ్చి విఠలన్నని కౌగిలించుకున్నాడు. ఆ నొప్పి భుజాన్నే గట్టిగా నొక్కాడు.

పరీక్ష గదికి గుర్రంతోపాటు దాన్ని చూసుకునే మనిషి కూడా వెళ్లాలి, సాక్షిగా సంతకం పెట్టాలి. నేను దుప్పటి, బకెట్టు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. డాక్టరమ్మ పొడుగు కర్రకి కప్పు తగిలించుకుని నిలబడింది. అరగంట గడిచినా రాజిగాడు మూత్రం పోయలేదు. గుర్రాలకు చిన్నప్పటి నుంచీ ఈలతో అలవాటు చేస్తారు. ఆమె ఈల వేసింది. లాభం లేదు. విఠలన్న వైపు తిరిగి, నీకు అలవాటున్న గుర్రం కదా, నువ్వు వేస్తావా అని అడిగింది.

వద్దని కళ్లతో సైగ చేశాను. నాకు ఈల రాదు మేడమ్ అంటే పోయేది, ఆ తర్వాత సంగతి తర్వాత. ఆయన నన్ను చూశాడు, చూసి పెదవులు తడుపుకుని మలక్‌పేట సైసుల ఈల వేశాడు. సన్నగా, పొడుగ్గా. రాజిగాడు వెంటనే కాళ్లు ఎడం చేశాడు.

ఆమె సీసా మూత బిగిస్తుంటే విఠలన్న తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాడు. "మేడమ్, మార్నింగ్ హార్స్ లిక్ మై షర్ట్. పెయిన్ బామ్. మై మిస్టేక్. ప్లీజ్ రైట్." ఆమె రాసుకుంది.

ఆ సాయంత్రమే బాస్ ఆయన్ని లాయంలోకి రావద్దన్నాడు. విచారణ పెట్టారు. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఏమీ దొరకలేదు. రెండో స్థానం గుర్రానికే ఉంది. విఠలన్న ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. సంతకం పెట్టి కూడా బామ్ రాసుకొచ్చాడు కాబట్టి కుదరదన్నారు. ఇప్పుడు క్రెయిగీబర్న్ దగ్గర ఒక గోడౌన్‌లో పెట్టెలు ఎత్తుతున్నాడు, ఆ భుజంతోనే.

రిపోర్టు సంగతి తెలిసిన రోజు పని దిగి నేరుగా వాళ్లింటికి పోయాను. భ్రమరాంబ వదిన ముందే అడిగేశాను. ఏమీ దొరకలేదు కదా, ఆ నోరు మూసుకుని ఉంటే మళ్లీ ఏడాది కూడా నువ్వే నడిచేవాడివి కదా, నీకేం దక్కింది అని.

ఆయన భుజం మీద వేడినీళ్ల సంచి సర్దుకున్నాడు.

"దొరకకుంటే ఏంది తమ్మీ," అన్నాడు. "ఏడాదంత దాన్ని సాదిన. అది పానం బెట్టి ఉరుకుతుంటే ఓడిపో అని మొక్కిన. మూడు నిమిషాలు నేను దానికి దుష్మన్‌నైన. మల్ల ఆ రెయిలింగ్ కాడ అట్ల నిలవడుడు నాతోని గాదు."

వదిన వంటింట్లోకి వెళ్లింది. వేడినీళ్ల సంచి జారితే నేను లేచి ఆయన భుజం మీద పట్టుకున్నాను.