అత్తగారి బీరువాలో దుల్మా కార్డు

బిల్లు కౌంటర్ దాకా గొర్రె తొడ ట్రాలీలోనే ఉండేది. కౌంటర్ దగ్గరికి రాగానే దుల్మా అత్తగారు ఒక్‌బున్ చెయ్యి మెల్లగా ట్రాలీలోకి దిగేది. గుడ్ల అట్టను పక్కకు జరిపి, తువ్వాళ్ళ కట్ట కింద నుంచి ఆ తొడను బయటికి లాగి, పక్కనే బ్యాటరీలు పెట్టే అర మీద ఉంచేది. కోప్పడేది కాదు, కసిరేది కాదు. కొరియాలో ఆ కుమ్‌సాన్ వైపు మనుషులు 'వద్దు' అన్న మాటను నోటితో అనరు.

"ఫ్రిజ్‌లో సోటుండొద్దూ అమ్మాయ్! మల్లీసారి సూద్దాంలే" అనేది.

దుల్మా తలూపేది. పెళ్ళి చేసుకుని మంగోలియా నుంచి ఆ ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఆ గోదాం దుకాణంలో ట్రాలీ తోసేది దుల్మా. నూనె డబ్బాలు, పిండి బస్తాలు బండికెక్కించేదీ దించేదీ దుల్మా. వాటిలో ఏది ఇంటికి రావాలో, ఏది బ్యాటరీల పక్కన ఉండిపోవాలో తేల్చేది మాత్రం అత్తగారు. సభ్యత్వ కార్డు ఆవిడది. దాని మీద ఫొటో ఆవిడది. కార్డు లేనివాళ్ళను ఆ దుకాణం గుమ్మం దాటనివ్వదు.

గొర్రె మాంసమంటే దుల్మాకు కూర కాదు, అన్నం. కుమ్‌సాన్ బజార్లో పంది మాంసం దొరుకుతుంది, కోడి దొరుకుతుంది. గొర్రె కావాలంటే డేజన్ నగరానికి వెళ్ళి, ఆ గోదాంలో పెద్ద తొడ మొత్తంగా కొనాల్సిందే. చలికాలం చివర్లో కొరియాలో పెద్దలకు పెట్టుకునే కొత్త సంవత్సరం వస్తుంది. దుల్మా వాళ్ళ తెల్లనెల పండుగ కూడా దాదాపు అప్పుడే. అక్కడైతే ఆడవాళ్ళంతా ముందుగానే చేరి మాంసం కుడుములు గంపలకొద్దీ చుట్టి, బయట చలిలో గడ్డకట్టించి దాచుకుంటారు. గడపలో అడుగు పెట్టినవాడెవడైనా సరే, తినకుండా వెళ్ళకూడదు. ఇక్కడ దుల్మా ఏటా ముఖం కూడా చూడని మామగారి తాతలకు చేపలు వేయించింది, అట్లు పోసింది, పళ్ళు పేర్చింది. తన పండక్కి ఒక్క కుడుమూ చుట్టలేదు.

ఊళ్ళో విదేశీ కోడళ్ళకు కొరియా భాష నేర్పే తరగతిలో ఒకరోజు ఈ మాటే వచ్చింది. అలాంటి సభ్యత్వం మనలాంటి వాళ్ళకు అవసరమా అని. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారివిక్ ఒక్క మాటలో కొట్టిపారేసింది. పొరుగూరి కోడలామె. సొంతంగా చిన్న ట్రక్కు నడుపుతుంది, నోరు అంతకంటే వేగంగా నడుపుతుంది.

"దండగే తల్లీ! ఏడాదికి రుసుము కట్టి, అంత దూరం పోయి, బకెట్టెడు వెన్న కొని ఏం చేసుకుంటావ్? ఒంటికి రాసుకుంటావా?"

"వెన్న కాదక్కా, గొర్రె తొడ."

"తొడైతే మాత్రం! మీ అత్త ఫ్రిజ్‌లో నీకో మూలైనా ఉందా? నాలుగు తలుపులూ కిమ్చి పచ్చడికేగా!"

అందరూ నవ్వారు. దుల్మా కూడా నవ్వింది. నిజమే. ఈ సభ్యత్వం లాభమా నష్టమా అని లెక్కలు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. సొంత కారు, పెద్ద జీతం ఉన్న విదేశీ ఉద్యోగులు జున్ను ధర చూసుకుని లెక్క కడతారు. దుల్మా లెక్క వేరు. ఆ కార్డు తన పేరున ఉంటే, ట్రాలీలో తను పెట్టినదాన్ని ఎవరూ బయటికి తీయలేరు. ఆమెకు కావలసిన లాభం అంతవరకే.

అయినా అడగలేదు. ఆ చలికాలం అత్తగారి మోకాలు వాచకపోతే, ఇంకో తొమ్మిదేళ్ళు కూడా అడిగేది కాదేమో.

ఒక్‌బున్ నడవలేక కాలు చాపుకుని కూర్చుంది. పండగ దగ్గర పడుతోంది. నూనె కావాలి, ఎండు చేపలు కావాలి, పళ్ళు కావాలి. తన సభ్యత్వ కార్డు దుల్మా చేతికిచ్చింది. "ఆ పొరుగూరి నోటిదురుసు దాని బండెక్కి పోయి తెచ్చెయ్. కార్డు సూపిత్తే సాలు, ఎవడూ అడగడు" అంది.

గుమ్మం దగ్గరి కుర్రవాడు అడగనే అడిగాడు. ఫొటో చూశాడు, దుల్మాను చూశాడు. ఫొటోలో డెబ్బై దాటిన ముసలమ్మ.

"ఇది మీది కాదు కదండీ."

"మా అత్తయ్యది. మోకాలు నొప్పి."

"ఎవరి కార్డు వాళ్ళే వాడాలండీ. ఆ పక్క కౌంటర్లో మీ పేరున తీసుకోండి, ఎంతోసేపు పట్టదు."

పక్క కౌంటర్లో కూర్చున్నావిడ కళ్ళద్దాలు సర్దుకుని చెయ్యి చాపింది. "మీ విదేశీయుల గుర్తింపు కార్డు ఇవ్వండి."

"ఇంట్లో ఉంది."

"ఇంట్లోనా!" ఆవిడ గొంతు తగ్గించింది. "అది ఎప్పుడూ మీ వెంట ఉండాలమ్మా. చట్టం అదే కదా. దార్లో ఎవరైనా అధికారి అడిగితే ఏం చూపిస్తారు?"

ఆ కార్డు ఇంట్లో ఉందన్నది కూడా సగం నిజమే. అది అత్తగారి బీరువాలో, పండగ బట్టల కింద ఉంది. బీరువా తాళం అత్తగారి నడుముకు ఉంది. గడువు పొడిగించుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఒక్‌బున్ స్వయంగా విదేశీయుల ఆఫీసు దాకా వెంట వచ్చేది. పని అవగానే గుమ్మంలోనే చెయ్యి చాపేది. "పారేసుకుంటావేమో అమ్మాయ్, నా దగ్గరుంటే బద్రం."

తిరుగు దారిలో బీరువా సంగతంతా విని మారివిక్ ట్రక్కు పక్కకు ఆపింది.

"తొమ్మిదేళ్ళా? ఒక్కరోజు కూడా నీ చేతిలో లేదా?"

"లేదక్కా."

"పిచ్చిదానా! నేను వెన్న గురించి మాట్లాడుతున్నాను చూడు, నాదీ బుద్ధి తక్కువే. ఆ దుకాణం సంగతి గంగలో పోనీ. ముందు ఆ కార్డు తెచ్చుకో."

"దుకాణం సంగతి పోనివ్వనక్కా" అంది దుల్మా. "రెండూ కావాలి."

ఇంటికి వచ్చేసరికి భర్త మన్‌సిక్ భోజనానికి కూర్చున్నాడు. మంచివాడు. ఇంట్లో ఎటు గాలి వీస్తే అటు వంగే మంచితనం. ఒక్‌బున్ ఖాళీ చేతుల వంక చూసింది.

"సామానేదే?"

"రానివ్వలేదు అత్తయ్యా. ఫొటో మీది, మొహం నాది."

"బతిమాలుకోకపోయావా?"

"బతిమాలితే మొహం మారుతుందా? నా గుర్తింపు కార్డు ఇవ్వండి. దుకాణం కార్డు నా పేరున తీసుకుంటాను."

"దానికేముందిలే. బద్రంగానే ఉందిగా. మోకాలు తగ్గనీ, సూద్దాం."

"ఈసారి చూడొద్దు. ఇవ్వండి."

ఆ ఇంట్లో 'వద్దు' అన్న మాట అలా వినబడటం అదే మొదలు. మన్‌సిక్ చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. "ఏవండీ, మీరు చెప్పండి" అని దుల్మా అతని వైపు తిరిగింది.

"అమ్మ... భద్రంగా పెడుతుంది కదా..." అన్నాడు అతను, గిన్నెలో పులుసుతో చెబుతున్నట్టు.

ఒక్‌బున్ అప్పుడు అసలు మాట బయటపెట్టింది. "వాగు అవతల ఊళ్ళో సూడు. ఆ సిన్నోడు దేశం కాని దేశం నుంచి తెచ్చుకున్న పెళ్ళాం. కార్డు సేతికిచ్చిన మర్నాడే బస్సెక్కింది. మల్లీ మొహం సూపిచ్చిందా?"

"పోవాలనుకుంటే నాకు కార్డెందుకు అత్తయ్యా, కాళ్ళు లేవా?" అంది దుల్మా. "తెల్లారితే మీ పందిట్లో బజారుకు పంపే పెరిల్లా ఆకుకూర కోసి కట్టలు కట్టింది కార్డు కాదు, నేను. మీ పెద్దలకు వండి పెట్టింది నేను. ఇక్కడ ఉంటున్నానంటే ఉండాలనుకున్నాను కనక. మీరేమో తాళం వేశారు కనక ఉన్నాననుకుంటున్నారు. ఆ తాళం తీయండి. తీశాక కూడా ఉంటే, అప్పుడు నన్ను కోడలనండి."

"ఎన్ని మాటలు నేర్పార్రా ఆ తరగతిలో!"

"ఇంకా పూర్తిగా నేర్పలేదు అత్తయ్యా. అందుకే చెబుతున్నా, రేపు డేజన్‌లో విదేశీయుల ఆఫీసుకు వెళ్ళి కార్డు పోయిందని చెప్పి కొత్తది రాయించుకుంటాను."

"పోలేదుగా!"

"నా చేతిలో లేనిది నాకు పోయినట్టే. ఎక్కడ పోయిందని వాళ్ళు అడుగుతారు. మా అత్తయ్య బీరువాలో, పండగ బట్టల కింద అని చెబుతాను. మీ భాషలో అబద్ధం ఆడేంత పాండిత్యం నాకింకా రాలేదు."

మన్‌సిక్ గిన్నె పక్కకు జరిపాడు. "అమ్మా, ఇచ్చెయ్యవే" అన్నాడు. తొమ్మిదేళ్ళకు గాలి ఇటు వీచింది.

మర్నాడు పొద్దున దుల్మా వంటింట్లోకి వచ్చేసరికి అన్నం కుక్కర్ మూత మీద కార్డు ఉంది. గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అన్నం ఉడికిందేమో సూడు." కార్డు తనంతట తనే బీరువా దిగి, కాళ్ళు కాచుకోవడానికి కుక్కరెక్కినట్టు.

మంచితనం అనుకునేరు. కాదు. ఇన్నాళ్ళూ భయం కోడలి దగ్గర ఉండేది, ఆ రాత్రితో అత్తగారి దగ్గరికి మారింది. హక్కులు చాలాసార్లు అలాగే చేతికొస్తాయి. అవతలివాళ్ళ మనసు కరిగేదాకా ఆగితే దుల్మా ముసలిదైపోయేది.

మారివిక్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ డేజన్ వెళ్ళింది. కౌంటర్లో ఆవిడ కెమెరా తిప్పి "కొంచెం నవ్వండమ్మా" అంది. దుల్మా నవ్వలేదు. ఆ ఫొటోలో ఇప్పటికీ యుద్ధానికి బయల్దేరిన మనిషిలాగే ఉంటుంది. లోపలికి వెళ్తుంటే గుమ్మం దగ్గరి కుర్రవాడు "మీ వెంట ఎవరండీ?" అన్నాడు.

"ఈవిడ నా అతిథి" అంది దుల్మా.

"అబ్బో! అయితే టీ నీళ్ళేవి, తివాచీ ఏది?" అంది మారివిక్.

రెండు తొడలు, ఒక పిండి బస్తా, ఉల్లిపాయల వల సంచి. తువ్వాళ్ళ కింద దాచలేదు. బిల్లు బల్ల మీద అన్నిటికంటే ముందు మాంసమే పెట్టింది.

ఇంట్లో వాసన అంటారని, ఆకులు కట్టలు కట్టే షెడ్డులోనే పొయ్యి పెట్టింది. తరగతి ఆడవాళ్ళు కత్తులు, పీటలు పట్టుకుని వచ్చారు. ఒకరు మాంసం కొట్టారు, ఒకరు పిండి పిసికారు, మిగతావాళ్ళు కుడుములు చుట్టారు. మారివిక్ చుట్టినవి చెవులు తెగిన పిల్లుల్లా ఉన్నాయి. ఎవరికి కావలసిన మాంసం వాళ్ళు పంచుకున్నారు. ఎవరి ఫ్రిజ్‌లో పట్టినంత వాళ్ళది. ఒక్కరికి దండగైన సభ్యత్వం, అంతమంది కూర్చునేసరికి దండగ కాకుండా పోయింది. మారివిక్ ఆ సంగతి ఒప్పుకోలేదు కానీ, అందరికంటే పెద్ద మూట ఆమెదే.

కుంటుకుంటూ ఒక్‌బున్ షెడ్డు తలుపు దాకా వచ్చింది. ముక్కుకు కొంగులా కండువా అడ్డం పెట్టుకుంది. "ఏం వాసనే తల్లీ! వాసన సూత్తేనే తెలుస్తోంది, ఉప్పు తక్కువైంది."

దుల్మా ఒక పళ్ళెంలో కుడుములు పెట్టి అందించింది.

"మోకాలికి పడదేమోలే. మల్లీసారి సూద్దాం" అని ముసలావిడ వెనక్కి తిరిగింది.

దుల్మా బతిమాలలేదు. ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తనే తిన్నది.

అప్పటిదాకా మూలన కూర్చుని నోరెత్తకుండా ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మాయి ఒకతె దగ్గరికి జరిగింది. పేరు థోమ్. వియత్నాం నుంచి పక్క ఊరి తోటలో పనికి వచ్చింది. తరగతి ఆడవాళ్ళలో ఒకరి వెంట ఆ రోజు అక్కడికి చేరింది.

"అక్కా, కార్డు అడిగినప్పుడు మొదటి మాట ఏమన్నావు?"

"ఎందుకే?"

"నాది మా యజమాని దగ్గరుంది. పాస్‌పోర్టు కూడా. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు."

మారివిక్ చేతులు కడుక్కుంది. "మొదటి మాట నేనంటాలే" అంది. పండగ వెళ్ళాక ముగ్గురూ ఆ యజమాని వాకిట్లోకి వెళ్ళారు. అతను ముందు నవ్వాడు, తర్వాత కసిరాడు. మారివిక్ చట్టం పేరెత్తాక పాస్‌పోర్టు తెచ్చిచ్చాడు. కార్డు మాత్రం ఎక్కడ పెట్టానో వెతకాలన్నాడు. "వెతకండి, మేం ఇక్కడే కూర్చుంటాం" అంది దుల్మా, వాకిట్లో గట్టు మీద చతికిలబడి. ఆ రోజు దొరకలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. దొరికింది.

ఇప్పుడు దుల్మాతో దుకాణానికి వస్తామని కొత్తగా ఎవరు అడిగినా, ఆమె సభ్యత్వం ఖరీదు చెప్పదు. "నీ కార్డు ఎక్కడుంది?" అని అడుగుతుంది. జేబులోంచి తీసి చూపిస్తే మారివిక్ బండెక్కిస్తుంది. తల వంచుకుంటే, బండిని ముందు ఆ అమ్మాయి ఉండే ఇంటి వైపు తిప్పిస్తుంది.

ఇది చదివిన మీరు ఒక్క పని చేయండి. మీ ఇంటికి వేరే ఊరి నుంచి వచ్చిన కోడలు ఉంటుంది. మీ పొలంలో, మీ దుకాణంలో, మీ వంటింట్లో వేరే రాష్ట్రం నుంచో వేరే దేశం నుంచో వచ్చిన మనిషి ఉంటుంది. ఆమె గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం, ఫోను ఎవరి దగ్గర ఉన్నాయో ఈరోజే అడగండి. పక్కింట్లో ఉంటే పక్కింట్లోనే అడగండి. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఇచ్చేదాకా కూర్చోండి. ఆ కాగితాలు మీ బీరువాలోనే ఉంటే, ఆమె అడిగేదాకా ఆగకండి. లేవండి, తాళం తీయండి, ఆమె చేతిలో పెట్టండి.