అత్తయ్య కుంటలో చేపల్ని చంపిందెవరు?

మా సామ్రాజ్యం అత్తయ్య ఫోన్ చేసి ముందుగా నా ఆరోగ్యం అడిగిందంటే నాకు అనుమానం. ఆవిడ మా నాన్న చెల్లెలు. దర్శి వైపు పల్లెలో మిరప, పత్తి వేస్తుంది, మావయ్య పోయాక వ్యవసాయమంతా తనే చూసుకుంటోంది. కుశల ప్రశ్నలు అడిగే తీరిక ఆవిడకి ఎప్పుడూ ఉండదు. అనుకున్నట్టే రెండో నిమిషంలో అసలు సంగతి బయటపడింది. "నువ్వు పురుగుల ఫొటోలు తీస్తా తిరుగుతావుగా, ఒకసారి రావే. సోమవారం పొద్దున పెద్దమనుషుల్ని పిలిచా. నా కుంటలో మందు కలిపింది పక్క పొలం ఆంజనేయులేనని నలుగురిలో తేల్చేస్తా. చదువుకున్నదానివి, నా పక్కన నిలబడు." వెనకాలే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. గట్టు మీద చచ్చిన చేపపిల్లలు. ఆవిడ చూడమన్నది చేపల్ని. నేను చూసింది ఫొటో మూలన జమ్ము గడ్డి మొదట్లో ఎండుటాకులా కనిపిస్తున్న దాన్ని. ఎండుటాకుకి కళ్ళుండవు, దీనికి ఉన్నాయి. జెయింట్ వాటర్ బగ్ అనే పెద్ద నీటి పురుగుని చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. న్యాయం కోసం కాదు, పురుగు కోసమే బయల్దేరాను.

ఆదివారం ఆరింటికల్లా గుంటూరు బస్టాండులో ఉన్నాను. చిలకలూరిపేట మీదుగా అద్దంకి వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, ఆర్డినరీ అయితే ప్రతి సెంటర్లోనూ ఆగుతుంది. పొద్దుటి బస్సయితే కుడివైపు సీటు చూసుకోండి, ఎడమవైపు పేట దాటేదాకా ఎండ మొహం మీదే. టికెట్ నూటయాభై లోపే అయింది. పక్క సీటాయన నా చేతిలో వలనీ, మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. డబ్బాలో ఏముందని అడిగితే ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోతే చిల్లులెందుకని ఆయన అనుమానం. అద్దంకిలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు ఎదుట ఇడ్లీ, కారప్పొడి తిని దర్శి బస్సు పట్టుకున్నాను. ఆ రోడ్డంతా రెండు పక్కలా నల్లరేగడి, విచ్చుకుంటున్న పత్తి, పూత మీదున్న మిరప. గాలిలో మందు వాసన. ఊరి అడ్డరోడ్డులో దిగితే షేర్ ఆటోలు ఉంటాయి.

ఆటో అతను పేరు అడక్కుండానే కనిపెట్టేశాడు. "సామ్రాజ్యమ్మగారింటికా అండీ? ఆ మందు కలిపిన కుంట?"

"కలుపుతుంటే మీరు చూశారా?"

"నేను చూడలేదండి. ఊళ్ళో అందరూ అంటన్నారు."

"అందరూ అంటే ఎవరు?"

అతను గేరు మార్చాడు. "సామ్రాజ్యమ్మగారేనండి," అన్నాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే మంచినీళ్ళు ఇవ్వబోయి ఆగి, కొత్త నీళ్ళ టిన్ను మూత తీసి ఇచ్చింది అత్తయ్య. మోటారు షెడ్డుకి రెండు తాళాలు. మందు డబ్బాల మూతలకి దారాలు చుట్టి ఉన్నాయి, ఎవరైనా విప్పితే తెలియాలని. ఫ్రిజ్‌లో పెరుగు పక్కన కవర్లో చేపపిల్లలు. సాక్ష్యమట. ఒకదాన్ని తీసి నొక్కి చూశాను. పొలుసులు చెక్కుచెదరలేదు, లోపల మాత్రం కండ లేనట్టు మెత్తగా ఉంది. పొట్ట దగ్గర సూదిపోటంత రంధ్రం. నాకు ఏదో తట్టింది. కానీ పురుగుని కళ్ళారా చూడకుండా మాట్లాడితే అత్తయ్య నన్ను కూడా ఆంజనేయులు పక్కన నిలబెడుతుంది.

కుంట చేను మూలన ఉంది. మందు కొట్టడానికి నీళ్ళ కోసం తవ్వించి, ఊరికే ఎందుకని ఈ ఏడు చేపపిల్లల్ని వదిలింది. దసరా ముందు నుంచి రోజూ నాలుగైదు చస్తున్నాయట. పొద్దున్నే వచ్చి చూస్తే గట్టు మీద పడి ఉంటున్నాయి. "చేపలు గట్టెక్కి నడిచొస్తాయంటే? మనిషి చెయ్యి లేందే?" అంది. దొంగని పట్టుకోవాలని షెడ్డు స్తంభానికి పెద్ద ఫోకస్ లైటు కట్టించింది. సాయంత్రం వేస్తే తెల్లారేదాకా కుంట మీద పగలే.

"ఎవరైనా కనపడ్డారా మరి?"

"నాలుగింటిదాకా కూర్చున్నా, ఎవరూ రాలా. లైటు పెట్టాక ఇంకా ఎక్కువ చస్తన్నాయి. అంత వెలుతురులో వచ్చి పోతన్నాడంటే ఎంత తెగింపో చూడు."

కుంటకి అవతల ఆంజనేయులు పొలం. అత్తయ్య పత్తి రోడ్డెక్కాలంటే ఆయన గట్టు మీదుగానే ట్రాక్టరు రావాలి. మావయ్య ఉన్నప్పటి నుంచి అదే దారి, మాట మీద నడుస్తోంది. ఇప్పుడా దారికి అడ్డంగా డ్రిప్ పైపులు పరిచి ఉన్నాయి. "చూశావా," అంది అత్తయ్య. చూశాను. పత్తి సగం విచ్చింది, వాన పడితే నల్లబడుతుంది. రేపు నలుగురిలో ఆయన్ని విషం కలిపినవాడని అంటే ఆ పైపులు ఇక లేవవు. కోపంలో ఈవిడకి ఆ సంగతి పట్టడం లేదు. నాకు దిగులేసింది.

ప్యాంటు మడిచి జమ్ము దగ్గర వెతికాను. వలలోకి ముందు చిన్నవి వచ్చాయి, బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దవి. ఒకదాని వీపు నిండా బియ్యపు గింజలు అతికించినట్టు గుడ్లు. ఈ చిన్న రకంలో ఆడది మగదాని వీపు మీదే గుడ్లు పెట్టి పోతుంది, పిల్లలయ్యేదాకా మోయడం మగదాని వంతు. ఆ తర్వాత దొరికింది నేను వెతుకుతున్నది. నా చూపుడువేలంత పొడవు, బల్లపరుపు ఒళ్ళు, ఎండుటాకు రంగు. ముందుకాళ్ళు కొడవళ్ళలా వంగి ఉన్నాయి. వెనకకాళ్ళు వెడల్పుగా, అంచుల్లో వెంట్రుకలతో, ఈదడానికి తెడ్లలాంటివి. తల కింద ముడుచుకున్న గట్టి ముక్కు. చేపని పట్టి, ఆ ముక్కు గుచ్చి, కండ కరిగే రసం లోపలికి వదిలి పీల్చేస్తుంది. గట్టు మీద పెట్టగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంది.

"బొద్దింక. చచ్చింది కూడా," అంది అత్తయ్య.

"బొద్దింకకి పొడుగాటి మీసాలుంటాయి. దీనికి పైకి కనిపించవు. చావలేదు, నటిస్తోంది. చేపల్ని తినేది ఇదే అత్తయ్యా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఈ పురుగు చేపని తింటదా? తిని గట్టు మీద పేర్చి పెడతదా? వచ్చేటప్పుడు దారిలో ఆంజనేయులు కలిశాడా నీకు?"

చేపల్ని గట్టు మీద పెట్టేదెవరో తేలాలంటే పక్క పొలంలోనే అడగాలి. అందుకే ఆంజనేయులు దగ్గరికి వెళ్ళాను, నాకు వరసకి మావయ్య. మందు డ్రమ్ము కడుగుతున్నాడు, కుంటలో కాదు, తన కాలవ దగ్గరే. కుడిచేతి బొటనవేలికి గుడ్డ కట్టుంది. ఏమైందని అడిగితే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ముల్లు దిగిందమ్మాయ్."

"పత్తికీ మిరపకీ ముళ్ళెక్కడివి మావయ్యా?"

"ఉంటయ్యిలే ఎక్కడో చోట," అని డ్రమ్ము అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. గోంగూర పప్పుతో అన్నం తింటున్నంతసేపూ నాకు ఆ గుడ్డే కళ్ళలో మెదిలింది. మందు ఒలికి చెయ్యి కాలిందా? పురుగు సంగతి పురుగుదే, ఈయన సంగతి ఈయనదేనా? అత్తయ్య నిజమే చెబుతోందేమోనని మొదటిసారి అనిపించింది, మధ్యాహ్నమంతా మనసు బాగోలేదు.

పొద్దుగూకగానే అత్తయ్య అలవాటు ప్రకారం లైటు వేసింది. నేను స్తంభం కింద పాత పంచె పరిచాను. చీకటి పడుతూనే ముందు సన్న పురుగులు మూగాయి. తర్వాత టప్‌మని ఏదో పడింది. ఉలిక్కిపడి అత్తయ్య కర్ర తీసింది. వేలంత నీటి పురుగు పంచె మీద వెల్లకిలా కొట్టుకుంటోంది. ఇంకోటి. మరోటి సూటిగా కుంటలో పడింది. ఇవి రెక్కలున్న పురుగులు. ఒక నీటి నుంచి ఇంకో నీటికి చీకట్లో ఎగిరిపోతుంటాయి, దారిలో దీపం కనిపిస్తే అటే మళ్ళుతాయి. చుట్టుపక్కల కాలవల్లో, గుంటల్లో ఉన్న వాటన్నిటినీ ఈ ఫోకస్ లైటు పిలిచి మరీ చేపల మీద దించుతోంది. టార్చి వేసి నీళ్ళలోకి చూపించాను. ఒకటి తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తోంది. ముందుకాళ్ళ మధ్య చేపపిల్ల.

అత్తయ్య వంగి చూసింది. ఓడిపోవడం ఆవిడకి చేతకాదు. "మందు కలిపాడు కాబట్టే చేపలు మత్తులో ఉండి దీనికి దొరికినయ్యి."

"అత్తయ్యా, వారం తిరక్కుండా చేనుకి మందు కొడతావుగా. ఆ మందు నీళ్ళలో పడితే చేప చచ్చి పురుగు బతుకుతుందా?"

ఆవిడ చేతిలో కర్ర కిందికి దిగింది. పురుగుల్ని చంపడం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత మందుకి ఏ పురుగు ఎన్ని గంటల్లో రాలుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. టార్చి వెలుగులో, నీళ్ళలోని పురుగు చేపపిల్లని పట్టుకుని హాయిగా పీలుస్తోంది. ఆవిడ దాన్నే చూస్తూ, "లేదు. పురుగే ముందు చావాల," అంది మెల్లగా.

మా మాటలు విని గట్టు దాటి ఆంజనేయులు మావయ్య వచ్చాడు. పంచె మీది దాన్ని చూసి రెండడుగులు వెనక్కి గెంతాడు. "అదే! నన్ను కుట్టింది అదే! తేలనుకుని సూది మందు కూడా ఏయించుకున్నా."

"నా కుంటలో నీకేం పని?" అత్తయ్య గొంతు మళ్ళీ లేచింది.

ఆయన తల దించుకున్నాడు. "చచ్చిన చేపలు నీళ్ళలోనే కుళ్ళితే మిగతాయి కూడా పోతాయి వదినా. తెల్లారగట్ల నీళ్ళు పెట్టుకోడానికి వచ్చినప్పుడు తీసి గట్టునేస్తన్నా. చెప్తే నేనే చంపానంటావు. అందుకే చెప్పలా."

వాళ్ళిద్దరి మధ్యలో నేను, ఏదో ఒకటి అనాలని, అది కుట్టేది తోకతో కాదని, తోక గాలి గొట్టమని, కరిచేది ముక్కుతోనని చెప్పాను. ఎవరూ వినలేదు. అత్తయ్య షెడ్డు దగ్గరికి నడిచి లైటు తీసేసింది. ఒక్కసారిగా చీకటి.

"అదేంది వదినా, లైటు తీసేశావు?"

"ఇన్నాళ్ళూ ఆ వెలుతురు నీ మంచం మీద పడతందిగా. పోయి పడుకో."

సోమవారం పొద్దున పెద్దమనుషులు నలుగురూ వచ్చి వరండాలో కూర్చున్నారు. కాఫీలిచ్చి ఏదో సర్దిచెప్పి పంపించేస్తుందని అనుకున్నాను. గ్లాసులు అందించి, కొంగు బిగించి వాళ్ళ ఎదుటే నిలబడింది. "ఆంజనేయులు విషం కలిపాడని పాలకేంద్రం దగ్గర అన్నా, ఆటోల దగ్గర అన్నా. తప్పు. కలపలా. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెప్తన్నా." ఆంజనేయులు మావయ్య కాఫీ గ్లాసు వంకే చూస్తూ, "పత్తి ఎప్పుడు తోలిస్తావు వదినా?" అన్నాడు. "దారిలో నా పైపులున్నయ్యి. ఇప్పుడే పోయి తీసేస్తా."

బయల్దేరే ముందు జమ్ము కాడకి అంటుకున్న గుడ్ల గుత్తిని చూపించాను. పెద్ద రకంలో గుడ్లు నీటికి పైన కాడ మీద ఉంటాయి. అవి ఎండకుండా మగ పురుగు ఎక్కి తడి చేస్తూ కాపలా కాస్తుంది. అత్తయ్య ముచ్చటపడి, పిల్లలెన్నవుతాయని అడిగింది. వంద పైనే కావచ్చన్నాను. ముచ్చట అక్కడితో సరి. గుడ్లని, తండ్రిని కాడతో సహా బకెట్లో పెట్టించి రోడ్డు పక్క మడుగులో వదిలించింది. అడ్డరోడ్డుకి వెళుతుంటే నిన్నటి ఆటో అతను, "మందు కలిపినోడు దొరికాడా అండీ?" అని అడిగాడు. మనిషి కాదు, పురుగని చెప్పాను. అతను అద్దంలోంచి నా చిల్లుల డబ్బా వంక చూసి, ఆటో కొంచెం నెమ్మది చేసి, "అది లోపలే ఉందా అండీ?" అన్నాడు.

బస్సులో కూర్చున్నాక నాకు పురుగు కంటే లైటే ఎక్కువ గుర్తొచ్చింది. పక్కవాణ్ణి పట్టుకోవడానికి కట్టిన దీపం రోజూ కొత్త పురుగుల్ని తెచ్చింది, చచ్చే ప్రతి చేపా అనుమానాన్ని పెంచింది. అనుమానం పెరిగేకొద్దీ దీపం ఇంకా త్వరగా వెలిగేది. ఒక వేలికి కట్టిన గుడ్డని చూసి నేను కూడా అటే మొగ్గాను. మంచి చేసిన చేతిని దాచుకునేంతగా ఒక మనిషిని భయపెట్టాం కదా అని సిగ్గేసింది.

మీరు కూడా వీటిని చూడాలనుకుంటే ఒక్క మాట. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో వెళ్ళండి, పొద్దుగూకే వేళ నీటి పక్కన లైటు కింద తెల్లగుడ్డ పరవండి, చచ్చినట్టు పడి ఉన్నదాన్ని చేత్తో ముట్టుకోకుండా డబ్బాతో తీయండి. చూడడం అవగానే గుర్తుపెట్టుకుని ఆ లైటు తీసేయండి.